గీటు

గార్బిస్ ఉస్తా కొట్టు అమ్మేసిన రోజు
తక్కెడ ఎవరో పట్టుకుపోయారు, కొలిమి ఇంకెవరో.
నా చేతికి మిగిలింది బొటనవేలంత గీటురాయి.
"నీ బంగారం కంటికి కనపడదంటావుగా, సెవిన్,
దేన్ని గీసి చూస్తావో నీ ఇష్టం" అన్నాడు.

ఇప్పుడది నా నోటుపుస్తకం ఎగిరిపోకుండా కాస్తోంది,
చెంబెర్లితాష్ వెనక పాత వర్తకుల సత్రంలో, మూడో అంతస్తులో,
కింద రాగి పళ్లేలు సాగగొట్టే చప్పుడు మీద.

పుస్తకంలో ఏడు ఎక్స్ఛేంజీలు, పేజీకొకటి.
ఒకటే నాణెం, ఏడు నోళ్లలో ఏడు ధరలు.
ఇక్కడ కొని అక్కడ అమ్మడమేగా అంటాడు ఒర్చున్.
వంకాయల్లో కూర కూరుతూ మా అత్తా అదే అంటుంది.
అంతే.
ఆ "అంతే"లోనే నా రాత్రులన్నీ పోయాయి.

తెరమీద ధర ఊరిస్తుంది గానీ
ఆ ధరకి కొంటానన్నవాడి దగ్గరున్నది
పసిదాని చెవిపోగుకి చాలదు.
దోసిలితో అమ్మబోతే
మెట్టు మెట్టుకీ ధర దిగుతుంది,
మూడో మెట్టుమీద నా లాభం కాలు జారుతుంది.

రుసుము కొంటే చీమంత, అమ్మితే చీమంత,
బయటికి పంపితే మాత్రం పందికొక్కంత.
అసలు రుసుమే లేదంటుంది ఒకటి:
దాని కొనుబడికీ అమ్మకానికీ మధ్య సందులో
ఎడ్లబండి వెనక్కి తిప్పుకోవచ్చు.
నూటికి ఒకటి తేడా దొరికిందని గంతేసిన రోజు
అన్నీ పోను మిగిలింది ఒక సిమిత్ రొట్టె,
అదీ నువ్వులు రాలిపోయినది.

రెండో పేజీలోది మర్యాదస్తుల ఇల్లు.
బజారు ఊగినప్పుడు మాత్రం మూర్ఛపోతుంది.
అందరూ పరిగెత్తే ఆ పది నిమిషాలూ
"కాసేపాగి ప్రయత్నించండి."

లోపలికి రమ్మనడం అందరికీ వచ్చు.
నేను ఐదొందల లీరాలు వేసి, వెంటనే వెనక్కి అడుగుతాను.
గడియారం చూడను.
టీ కుర్రాడు యాసిన్ తెచ్చే గ్లాసులు లెక్కపెడతాను.
రెండు గ్లాసుల్లో డబ్బు తిరిగొస్తే
ఆ పేజీ మూల మడుస్తాను.

అక్టోబరులో ఒక మంగళవారం రాత్రి
ఐదో పేజీలో, ఆ దీపస్తంభం బొమ్మ ఉన్నదాంట్లో,
నాణెం నూటికి ఆరు ఎక్కువ పలికింది.
ఒర్చున్ కుర్చీ వెనక్కి పడిపోయింది.
తమ్ముడు టాక్సీ అమ్మిన డబ్బు వాడి దగ్గరుంది.
"ఆలోచిస్తావేంటి, పోతుంది!"

ఐదొందలు వేశాను. తిరిగి ఇమ్మన్నాను.
టీ ఒకటి. రెండు. ఐదు.
యాసిన్ గ్లాసులు కడిగి బోర్లించి ఇంటికెళ్లాడు.
"మీ విన్నపం పరిశీలనలో ఉంది."

అప్పుడు ఆ ఆరు చదవడం వచ్చింది నాకు.
లీరాలు బయటికి రాక ఇరుక్కున్నవాళ్లు
నాణెంగా మారైనా గోడ దూకుదామని
ఎంతకైనా కొంటున్నారు.
మేం లాభమని మురిసిన అంకె
కాలుతున్న ఇంటి మెట్లమీద తొక్కిసలాట.
మా నాణేలు పట్టుకుని వాళ్లు బయటపడతారు,
వాళ్లు ఖాళీ చేసిన చోట్లో మేం నిలబడతాం.

ఒర్చున్‌కి చెప్పాను.
వినలేదని రాస్తే కథ బాగుండేది.
విన్నాడు, సగం.
రెండు తలుపులు, రెండు చక్రాలు, సగం మీటరు
ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, పరిశీలనలో.
తమ్ముడు వాడితో టర్కీ భాషలో మాట్లాడటం మానేశాడు,
వాళ్లమ్మ లాజ్ భాషలో తిడుతున్నాడట.

ఆదివారం కలిస్తే గార్బిస్ ఉస్తా
"తేడా ఎంత?" అనడు.
"తిరిగొచ్చిందా?" అంటాడు.
కల్తీదే రాయిమీద ముందు మెరుస్తుందంటాడు.
నిజమో కాదో, ఆయన చాలా చెబుతాడు.

ఐదో పేజీ చింపలేదు. నా ఐదొందలున్నాయక్కడ.
ఈ రాత్రి ఎనిమిదో పేజీ తెరిచాను, కొత్త పేరు.
రాయి పక్కకి జరిపాను.
యాసిన్, ఒక టీ.